చిన్నా, ఆ బరువైన కయాక్‌కి బండి కొనేముందు ఇది చదువు

చిన్నా,

కయాక్, అదే ఒక్కడివే నడుపుకునే చిన్న పడవ, కొన్నానని నువ్వు ఫోన్లో చెప్పగానే చాలా సంతోషమేసింది. ఏది కొన్నావురా అంటే హోబీ ప్రో యాంగ్లర్ 14 అన్నావు, ఆ మాట వినగానే నాకు నీ నడుము గుర్తొచ్చింది. పోయినేడు ఫ్రిజ్ జరపబోయి పది రోజులు మంచం మీద ఉన్నావు కదా. అది చేపల వేటకి మంచి కయాక్, వెడల్పు 38 అంగుళాలు, మీద నిలబడి గాలం వేసినా ఊగదు, కానీ ఆ నిలకడ ఊరికే రాదు, బరువు నుంచే వస్తుంది. ఉత్తి డొల్లే 120 పౌండ్లు, సీటూ, కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ డ్రైవూ బిగిస్తే 140 దాటుతుంది. ఇద్దరు మనుషులు రెండు కొసలా పట్టుకుని ఎత్తినా పాతిక అడుగులు నడిచేసరికి చేతులు పట్టు జారతాయి, ఇక నువ్వు ఒక్కడివే వెళ్తావు, అదీ తెల్లారుజామున నాలుగింటికి.

కయాక్‌ని నీళ్ళదాకా లాక్కెళ్ళడానికని నువ్వు పంపిన బండ్ల ఫోటోలు నాలుగూ చూశాను. మూడు నీకు పనికిరావు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే అంగడిలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, రెండు చక్రాలు, ఒక ఇరుసు, మధ్యలో నాలుగు గొట్టాలు, ఎనభై డాలర్లది ఉండగా మూడొందలది ఎందుకు అనిపిస్తుంది. నేను కూడా అలాగే అనుకుని కొన్నాను.

ముందు బరువు సంగతి. బండి మీద రాసి ఉండే బరువుని కయాక్ బరువుతో పోల్చకు, నువ్వు ఇంటి నుంచి నీళ్ళదాకా లాక్కెళ్ళే మొత్తం బరువుతో పోల్చు. కయాక్ 145 అనుకో. నీళ్ళలో చేపలెక్కడున్నాయో చూపే ఫిష్ ఫైండర్‌కీ మోటారుకీ కలిపి పెద్ద లిథియం బ్యాటరీ పెడతానన్నావు, అదో పాతిక పౌండ్లు. పాత రకం లెడ్ బ్యాటరీ అయితే అరవై దాకా ఉంటుంది, దాని జోలికి పోకు. లంగరు, గాలాల పెట్టె, రాడ్లు, లైఫ్ జాకెట్, ఐసు పెట్టె, తాగే నీళ్ళు. గ్యాలన్ నీళ్ళే ఎనిమిది పౌండ్ల పైమాట. అన్నీ కలిపితే 220, 230 అవుతుంది. అందుకని 150 అని రాసి ఉన్నది పక్కన పెట్టెయ్, 225 అని రాసి ఉన్నది కూడా నీకు చాలదు. ఆ అంకె చదునైన నేల మీద నిదానంగా లాగితే మోసే బరువు, చక్రం పేవ్‌మెంట్ అంచు మీంచి ధబ్బున దిగినప్పుడు ఇరుసు మీద పడే దెబ్బ అంతకన్నా చాలా ఎక్కువ. 300కి తగ్గకుండా చూసుకో.

ఇంకో పని కూడా చెయ్యి, విడిగా మోయగలిగినవన్నీ విడిగా మొయ్యి. వాడరేవులో మా చిన్నప్పటి తెప్పలు చూశావో లేదో, నువ్వు పుట్టేసరికే ఫైబర్ పడవలు వచ్చేశాయనుకుంటా. వేట అయిపోయి ఒడ్డుకి రాగానే కట్లు విప్పి, ఒక్కో దుంగా భుజాన వేసుకుని గట్టుకి చేర్చేవాళ్ళు. ఐసు పెట్టె, బ్యాటరీ, లంగరు నువ్వూ అలాగే ఇంకో నడక నడిచి తెచ్చుకో, ఐదు నిమిషాలు పోతే పోతాయి. కానీ బండి మాత్రం అన్నీ మోసేలాంటిదే కొను, ఎందుకంటే తిరిగొచ్చేటప్పుడు నువ్వు రెండో నడక నడవవు. పొద్దుటి నుంచి ఎండలో, ఎదురుగాలికి పెడల్ తొక్కి వచ్చి ఉంటావు, అన్నీ దాంట్లోనే పడేసి లాగేస్తావు. అందరం అదే చేస్తాం.

ఇక చక్రాలు. అసలు సంగతి ఇక్కడే ఉంది. నువ్వు ఎక్కడెక్కడ దిగుతావో ఒకసారి చెప్పు. కాంక్రీటు ర్యాంపు ఉన్న లేక్ కాన్రో లాంటి చోట్లకే వెళ్తానంటే ఏ చక్రమైనా నడుస్తుంది, ఇంక ఈ ఉత్తరం చదవక్కర్లేదు. కానీ నువ్వు రెడ్‌ఫిష్ చేపల కోసం గాల్వెస్టన్ తీరం వైపు పోతానన్నావు. అక్కడ సముద్రం వైపు ఇసుక, లోపల వెస్ట్ బే అనే అఖాతం వైపు బురద, ఆ బురదలో కత్తుల్లాంటి ఆయిస్టర్ చిప్పలు, అంటే ఆల్చిప్పలు. మూడూ మూడు రకాల నేలలు.

గట్టి ప్లాస్టిక్ చక్రాలు సన్నగా ఉంటాయి, సిమెంటు మీద బాగా దొర్లుతాయి, పొడి ఇసుకలోకి వచ్చేసరికి నాగలి కర్రులా దిగబడి నిలబడిపోతాయి, అప్పుడు నువ్వు బండిని లాగుతున్నట్టు కాదు, ఇసుకని దున్నుతున్నట్టు. నీళ్ళ పక్కన తడిసి గట్టిపడ్డ ఇసుక పర్వాలేదు, రోడ్డుకీ ఆ తడి ఇసుకకీ మధ్య ఉండే పొడి పట్టీ ఉంది చూశావూ, యాభై అడుగులే ఉంటుంది, నడుములు పోయేది అక్కడే. టెక్సాస్‌లో చాలా బీచ్‌ల మీదకి కారు తీసుకెళ్ళనిస్తారు కదా, నీళ్ళ పక్కదాకా వెళ్ళి దింపుకుంటా అంటావేమో. బాలివర్ వైపు కొన్నాళ్ళు నేనూ అలాగే చేశాను. పాడ్రే ఐలండ్‌లో ఆ పని చేసి ట్రక్కు చక్రాలు సగందాకా కూరుకుపోయి, లాగించుకోవడానికి సాయంత్రం దాకా కూర్చున్నాను. బండి మంచిదైతే ట్రక్కుని గట్టి నేల మీదే వదిలెయ్యొచ్చు.

గాలి కొట్టే మామూలు రబ్బరు టైర్లు, తోటపని బండికి ఉండేలాంటివి, మధ్యరకం. గట్టి ఇసుక, గడ్డి, కంకర అన్నిటికీ సరే. కానీ పంక్చర్ భయం ఉంది. ఇక్కడ గోట్‌హెడ్ అంటారే, అది మన పల్లేరే, అచ్చంగా అదే మొక్క, చిన్నప్పుడు చెప్పులు లేకుండా చేలో నడిస్తే అరికాల్లో దిగేది. లోపలి చెరువుల దగ్గర ఆ కాయలు టైర్లలో దిగుతాయి. ఈ రకం కొంటే ట్యూబులో చిల్లులు పూడ్చే సీలెంట్ పోయించు, సైకిల్ పంపు ఒకటి ట్రక్కులో పడేసి ఉంచు. గాలి అక్కర్లేని ఫోము నింపిన టైర్లు కూడా వస్తాయి, పంక్చర్ టెన్షన్ లేదు, బరువు కాస్త ఎక్కువ, మెత్తటి ఇసుకలో మాత్రం అంతంతే.

మెత్తటి ఇసుకకి బెలూన్ చక్రాలే, ఇందులో నాకు రెండో మాట లేదు. వీలీజ్ కంపెనీవి లాంటివి, బూడిదరంగులో పెద్ద గుమ్మడికాయల్లా ఉంటాయి. వాటిలో గాలి ఒత్తిడి రెండు నుంచి నాలుగు పీఎస్ఐ అంతే, కారు టైరులో ముప్ఫై పైన ఉంటుంది, దాన్నిబట్టి ఎంత మెత్తగా ఉంటాయో ఊహించుకో. బరువు పడగానే కింద పరుచుకుంటాయి, అడుగు వెడల్పవుతుంది, ఇసుకలో దిగబడకుండా పైనే నడుస్తాయి. ఒంటె పాదం ఇసుకలో ఆనేది అలాగే. 30 సెంటీమీటర్లవీ 42 సెంటీమీటర్లవీ దొరుకుతాయి, నీ బరువుకి నేనైతే పెద్దవే తీసుకోమంటాను. ఒక్క జాగ్రత్త, పెట్రోలు బంకులో గాలి పట్టకు, క్షణంలో ఉబ్బిపోతాయి, చేతిపంపుతోనే కొట్టు, ఎండలో నిలబెట్టే ముందు కాస్త వదులు. ఆయిస్టర్ చిప్పల మీద మాత్రం వీటిని లాగకు, కోసుకుపోతాయి. బే వైపు దిగే రోజుకి వేరే చక్రాలు మార్చుకునేలా ఇరుసు ఉన్న బండి దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టు.

ఇప్పుడు కయాక్ బండి మీద ఎలా కూర్చుంటుందన్న సంగతి. రెండు రకాలు. ఒకటి, కయాక్‌లో పడ్డ నీళ్ళు కిందకి పోయే స్కప్పర్ రంధ్రాల్లోకి బండి గొట్టాలు గుచ్చేది. రెండోది, కయాక్ అడుగుని రెండు మెత్తటి కమ్మీల మీద పెట్టి బెల్టుతో బిగించేది. మొదటిది చూడ్డానికి సుఖం, బెల్టులక్కర్లేదు, జారదు. నేను ఇదివరకటి కయాక్‌కి చవగ్గా దొరికిందని అలాంటిదే కొన్నాను. దాని గొట్టాలు నా కయాక్ రంధ్రాలకి అచ్చంగా సరిపోలేదు, కొంచెం ఒత్తుకుని దిగేవి, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆ రంధ్రం గోడ కయాక్ మొత్తంలో పల్చగా ఉండే చోటు, బరువంతా అక్కడే పడి, ప్రతి గతుకులోనూ గొట్టం కొస లోపల పొడుస్తూ ఉంటుంది. ఒకరోజు బే మధ్యలో ఉండగా కయాక్ మందకొడిగా కదలడం మొదలైంది, తిప్పితే తిరగట్లేదు. మూత తీసి చూస్తే లోపల నీళ్ళు. వెంట్రుకంత చీలిక, పైకి కనపడదు. గాలి లేని రోజు కాబట్టి ఒడ్డు చేరాను. మీ పిన్నికి ఆ సంగతి చాలా రోజులు చెప్పలేదు.

నీ కయాక్‌కి దాన్ని చేసిన కంపెనీయే రంధ్రాల్లో గుచ్చే బండి అమ్ముతుంది, కొలతలు దానికే సరిపోయేలా చేస్తారు, కాబట్టి నాకు జరిగినట్టు నీకు జరుగుతుందని అనను. కానీ ఆ బండి ఎక్కించాలంటే 140 పౌండ్ల కయాక్‌ని పక్కకి దొర్లించాలి, లేదా ఒక కొస ఎత్తిపట్టి కింద గుచ్చాలి, అది మళ్ళీ నీ నడుము మీదకే వస్తుంది. అందుకని నీకు కమ్మీల బండే చెప్తాను. కమ్మీలు వెడల్పుగా జరుపుకునేలా ఉండాలి, మీద మందపాటి ఫోము ఉండాలి. బెల్టులు కామ్ బకిల్‌వి, అంటే చేత్తో లాగి బిగించేవి తీసుకో, మీట ఆడించి బిగించే రాచెట్‌వి వద్దు, రాచెట్‌తో బిగిస్తే ఎంత బిగిసిందో చేతికి తెలీదు, ఎండకి మెత్తబడ్డ ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది. ఒక బెల్టు అడ్డంగా, ఇంకోటి బండి ఇరుసు నుంచి ముందు పిడికి, బండి వెనక్కి జారకుండా. రెండోది చాలామంది కట్టరు, పేవ్‌మెంట్ ఎక్కించేటప్పుడు బండి వెనక్కి వెళ్ళిపోయి కయాక్ ముక్కు మీద పడుతుంది.

తూకం గురించి మీ తాతయ్య దగ్గర నేర్చుకున్నదే నీకు చెప్తాను. ఎడ్లబండికి గడ్డి ఎత్తేటప్పుడు ముందు బరువైతే ఎద్దుల మెడలు వంగిపోతాయి, వెనక బరువైతే కాడి పైకి లేచి మెడకి పట్టేస్తుంది. అందుకే కాస్త ముందు మొగ్గు ఉండేలా సర్దేవాడు. ఇదీ రెండు చక్రాల బండే, ఇక్కడ ఎద్దువి నువ్వు. సరిగ్గా మధ్యలో చక్రాలు పెడితే ముక్కు ఊగుతూ ఉంటుంది, మధ్యకి కొంచెం వెనక పెట్టు. ఇంట్లో ఒకసారి మొత్తం సామాను ఎక్కించి, ముక్కు పిడికి తాడు కట్టి ఎత్తి చూడు, లేదా బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ మీద ఒక డబ్బా పెట్టి దాని మీద ముక్కు ఆనించు, ఇరవై ముప్ఫై పౌండ్ల మధ్య ఉండాలి. అలా కుదిరిన చోట కయాక్ పక్కన మార్కర్‌తో గీత పెట్టుకో, చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. మామూలుగా ఐసు పెట్టె వెనక పెడతారు, లాగేటప్పుడు మాత్రం ముందుకి జరుపు, లేకపోతే తోక నేల గీరుతుంది.

ఉప్పునీళ్ళ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇనుము ఎక్కడున్నా వద్దు. అల్యూమినియం గొట్టాలు, స్టెయిన్‌లెస్ ఇరుసు, చక్రం మధ్యలో బాల్ బేరింగుల బదులు బుష్‌లు, అంటే ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టు. చక్రాన్ని పట్టి ఉంచే పిన్నులు రెండు అదనంగా కొనుక్కో, అవి ఇసుకలో పడితే దొరకవు.

నీళ్ళలోకి దిగాక బండిని ఏం చెయ్యాలో కూడా కొనేముందే ఆలోచించు. ఒడ్డున వదిలేస్తే ఉంటుందో ఉండదో. సీ-టగ్ లాంటి బండ్లు పనిముట్లు లేకుండా విప్పి హ్యాచ్‌లో, అంటే కయాక్‌లో మూత ఉన్న అరలో పెట్టెయ్యొచ్చు, నచ్చేవే, కానీ నీ బరువుకీ మెత్తటి ఇసుకకీ అవి చిన్నవనిపిస్తాయి. బెలూన్ చక్రాలు హ్యాచ్‌లో పట్టవు, వెనక డెక్ మీద తిరగేసి కట్టుకోవాలి. గాలికి అది తెరచాపలా పట్టుకుంటుంది, గట్టిగా కట్టు. ఇంకోటి, ఆ చక్రాలు నీళ్ళలో తేలతాయి, తిరిగొచ్చి మోకాలి లోతులో బండిని కయాక్ కిందకి తొయ్యాలంటే మునగవు, నీతో పోట్లాడతాయి. ఒడ్డు దాకా తెచ్చి, తోకని ఒక్క అడుగు ఎత్తి బండిని దాని కిందకి జరుపు, ఆ తర్వాత ముక్కు దగ్గర్నుంచి లాగు.

దిగుడు ర్యాంపు మీద కయాక్‌కి ముందు నడవకు. నువ్వు పైన ఉండి తాడు వదులుతూ దించు. 230 పౌండ్లు వెనక నుంచి వస్తే ఆపలేవు.

ఏదీ ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. వచ్చే ఆదివారం కయాక్ ట్రక్కులో వేసుకుని ఇటు రా, నా బెలూన్ చక్రాల బండి మీద పెట్టి మా వీధి చివరి వాలీబాల్ కోర్టు ఇసుకలో లాగి చూద్దాం, కమ్మీల కొలతలు కూడా అక్కడే తీసుకుందాం. ఐసు పెట్టె, బ్యాటరీ అన్నీ నింపుకునే రా. బరువు చూసే మిషన్ కూడా పట్టుకురా, మాది పాడైంది. పిన్ని పప్పుచారు పెడతానంటోంది.

మీ బాబాయి