తప్పులు బయటపడినా, నమ్మకాలు మారినా మతసంస్థ నిలుస్తుందా? మా నాయనమ్మ సంగతి చెప్తాను

నమ్మకాలు ఇంతగా మారిపోతుంటే, పాత తప్పులు ఇన్ని బయటికొస్తుంటే చర్చిలాంటి పెద్ద సంస్థలు ఇంకెన్నాళ్లు ఉంటాయని అడిగారు. నేను పల్నాడు వైపు ఒక పల్లెలో, దళిత కథోలిక కుటుంబంలో పుట్టాను. మా ఇంట్లో చూసింది చెప్తాను.

నమ్మకం మారినంత మాత్రాన జనం చర్చి వదిలి వెళ్లిపోరు. నాయనమ్మ చిన్నప్పుడు చర్చిలో పూజ లాటిన్‌లో జరిగేది. ఫాదర్ గారు జనానికి వీపు పెట్టి అటు తిరిగి ఏదో అంటే ఈమె "ఎత్ కుమ్ స్పిరితు తువో" అనేది. అర్థం తెలీదు. 1962-65లో రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కథోలిక బిషప్పులందరి సభ) జరిగాక పూజ తెలుగులోకి వచ్చింది, ఫాదర్ గారు ఇటు తిరిగారు. ఎవరూ చర్చి మానలేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో గెలీలియోకి శిక్ష వేసిన చర్చి 1992లో పొరపాటు ఒప్పుకున్నప్పుడూ మా ఊళ్లో ఆదివారం పూజకి ఒక్కరు తగ్గలేదు (ఆయనెవరో మావాళ్లకి తెలిస్తే కదా).

దెబ్బ ఇంకోచోట తగులుతుంది. 1958లో నాయనమ్మకి తొలిచూలు మగబిడ్డ పుట్టి మూడో రోజే పోయాడు. ఇంకా జ్ఞానస్నానం (బాప్తిస్మం) కాలేదు. ప్రాణం మీదికొస్తే ఫాదరే రానక్కర్లేదు, ఇంట్లోవాళ్లే నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వచ్చు. ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పి ఉండలేదు. అప్పటి చర్చి చట్టం ప్రకారం అలాంటి బిడ్డకి దీవించిన సమాధుల తోటలో చోటు లేదు. ఉపదేశి (ఊళ్లో ఫాదర్ గారి తరఫున ప్రార్థనలు నడిపే మనిషి) కంచె బయట తుమ్మచెట్టు కింద గుంట తీయించి, "వీడు నరకానికి పోడు, మోక్షానికీ పోడు" అన్నాడట. ఆ మధ్యచోటుకే లింబో అని పేరు. ఏటా నవంబర్ 2న సమాధుల పండుగకి అందరూ లోపల సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే ఆమె ఒకటి చేత్తో పట్టుకుని కంచె బయటికి వెళ్లేది.

2007లో వాటికన్ దైవశాస్త్ర సంఘం పత్రం ఒకటి వచ్చింది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్లు దేవుణ్ణి చేరతారని ఆశపడటానికి గట్టి కారణాలే ఉన్నాయనీ, లింబో ఎప్పుడూ ఖాయం చేసిన సిద్ధాంతం కాదనీ అందులో ఉంది. హైదరాబాద్‌లో చదువుకుంటూ 2011లో నేనది చూశాను. ఊరెళ్లి చెప్పేసరికి నాయనమ్మ కందులు చెరుగుతోంది. చాట ఆపింది.

"ఎప్పుడు చెప్పార్రా?"

"నాలుగేళ్లయింది."

"మరి ఇక్కడికొచ్చి ఎవరూ చెప్పలేదే?"

మళ్లీ చెరగడం మొదలెట్టింది. ఆదివారం ఎప్పట్లాగే పూజకి వెళ్లింది. నేను మాత్రం ఆ తర్వాత చాలాకాలం వెళ్లలేకపోయాను.

కులం సంగతి ఇంతకన్నా మొండిది. మా సమాధుల తోటకి రెండు గేట్లు. ఎవరిది ఏదో రాసి ఉండదు, అందరికీ తెలుసు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినల్ (చర్చిలో పోప్ తర్వాతి హోదా) అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. మా పల్లెలో లడ్లు పంచాం. పెదనాన్న లడ్డు నోట్లో వేసుకుని, "సంతోషమే. మన శవం ఏ గేట్లోంచి పోవాలో కూడా ఆయన్నే అడగండి" అన్నాడు. గుళ్ల సంగతీ అంతే. 2018లో చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి తీసుకెళ్లారు. మంచి పనే. కానీ 2018లో కూడా అది వార్తే అయింది, చూడండి.

అందుకే రోమ్‌కి ఏదో అయిపోతుందని నేననుకోను. జనం మాత్రం చప్పుడు చేయకుండా జారుకుంటారు. నాస్తికులయ్యి కాదు, పక్కవీధి ప్రార్థన మందిరానికి. మా బాబాయి అలాగే వెళ్లాడు. పిన్నికి జ్వరం ముదిరిన రాత్రి అక్కడి పాస్టర్ గారు బండి మీద వచ్చి తెల్లారేదాకా మంచం పక్కన కూర్చున్నాడు. బాబాయికి అంతకంటే పెద్ద కారణం లేదు, సిద్ధాంతాలు ఆయనకి ఇప్పటికీ పట్టవు.

నాయనమ్మ 2016లో పోయింది. సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టడం తప్పని బాబాయి వాళ్ల మందిరంలో చెప్తారు. అయినా నవంబర్ 2న బాగా చీకటి పడ్డాక వస్తాడు. రెండు గేట్లలో దేనిలోంచీ లోపలికి రాడు. కంచె చుట్టూ తిరిగి తుమ్మచెట్టు దగ్గరికి వెళ్తాడు. తాను పుట్టకముందే పోయిన అన్న కోసం ఒక కొవ్వొత్తి, గాలికి ఆరిపోకుండా సగం కొబ్బరిచిప్పలో పెట్టి.