టెస్టోస్టిరాన్ తక్కువొచ్చిందా, ఇంజక్షన్‌కి తొందరపడొద్దు
తమ్ముడూ, సాయంత్రం చేయించిన ఒక్క టెస్టులో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తక్కువగా 240 వచ్చిందని, కావలిలో ఇంజక్షన్ మొదలుపెడదామన్నారని రాశావు కదా, కాస్త ఆగు. ఈ హార్మోను పొద్దున ఎక్కువుండి సాయంత్రానికి తగ్గుద్ది, అందుకే పొద్దున 10 లోపల, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూసి రెండిట్లోనూ తక్కువొస్తేనే లెక్క. నెల్లూరు పెద్దాసుపత్రికి పెందలాడే పోయి ఓపీ చీటీ తీసుకుని జనరల్ మెడిసిన్‌లో చూపించు, సిగ్గుపడకుండా నీరసం, కోరిక తగ్గడం అన్నీ చెప్పు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు కూడా అడుగు, లోపం వృషణాల్లోదా, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిదా అని వాటితోనే తెలిసేది. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల కోసం చూస్తున్నామన్నావు, బయట నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే వీర్యకణాలు పడిపోతాయి, ఆ మాట డాక్టరుకి మొదటే చెప్పు. మా అన్నకి ఎవరూ చెప్పలేదయ్యా, ఏడాది పోయింది. పాత రిపోర్టు కూడా తీసుకుపో.