‘ఎఫ్‌ఎన్‌యూ’ నీ పేరు కాదు, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, చదువు కోసం డాలస్ వచ్చి నాలుగు నెలలైంది. మాది నెల్లూరు జిల్లా. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ‘పెంచలయ్య’ ఒక్కటే ఉంది. వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని చేర్చారు. యూనివర్సిటీలోనూ అదే ఎక్కింది. క్లాసులో ‘ఫ్నూ’ అంటున్నారు. అవ్వ పెట్టిన పేరు చెప్పాలన్నా మొహమాటంగా ఉంది. ‘ప్యాట్’ అని పెట్టేసుకోమంటున్నారు రూమ్మేట్లు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కాగితాల సంగతి చూద్దాం. ఆ మూడక్షరాలంటే ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, ‘మొదటి పేరు తెలియదు’ అని అర్థం. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే, అమెరికా వీసా ఇచ్చేవాళ్లు దాన్ని ఇంటిపేరు గడిలో వేసి, పేరు గడిలో ఇది నింపుతారు. నీ తప్పేం లేదు. కానీ వదిలేస్తే లైసెన్సు మీదికి, బ్యాంకులోకి పాకుతుంది. మన కాన్సులేట్ ద్వారా పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి, ఇంటిపేరు వేరుగా, పేరు వేరుగా రాయించుకో. కొత్తది రాగానే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి ముందు అక్కడ మార్పించు, మిగతావి ఆ తర్వాతే. పాత పాస్‌పోర్టు జాగ్రత్త, వీసా అందులోనే ఉంటుంది.

ఊళ్లో ఎవరైనా కొత్తగా పాస్‌పోర్టు తీస్తుంటే రెండు గళ్లూ నింపమని చెప్పు. 2022 నవంబరులో యూఏఈ కూడా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమంది. తర్వాత కొంత సడలించారు గానీ, విమానం ఎక్కే రోజు ఆ టెన్షన్ ఎందుకు?

ఇక ‘ప్యాట్’ విషయం. పెంచలకోన నీకు తెలియంది కాదు. రాపూరు దగ్గర అడవిలో, కొండల నడుమ వెలసిన నరసింహస్వామి. పెనుశిల అంటే పెద్ద రాయి, ఆ మాటే జనం నోట్లో నలిగి పెంచల అయిందంటారు. స్వామి చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలయ్యాడని ఇంకో కథ. రెండింట్లో ఏది నిజమని నేను వాదించను. ఆ కొండ చుట్టుపక్కల ఊళ్లలో పెంచలయ్యలు, పెంచలమ్మలు ఎందుకంత మంది ఉన్నారో మాత్రం రెండూ చెబుతాయి. ‘ప్యాట్’ అంటే ఇదంతా ఎక్కడికి పోతుంది చెప్పు?

నా సంగతి వింటావా? నా పేరు వెంకట కోటేశ్వరరావు. 1998లో ఇక్కడికొస్తే, మొదటి మాట మాత్రమే చూసి ఆఫీసులో ‘వెంకట’ అన్నారు. అది మా తాత పేరు. పదకొండేళ్లు ఆయన పేరుకే పలికాను. ఒకసారి క్లినిక్‌లో నర్సు తలుపు తీసి ‘వెంకటా’ అని పిలిస్తే ముగ్గురం లేచాం. ముగ్గురం తెలుగువాళ్లమే. ఆమె చేతిలో కాగితం చూసుకుంటూ నిలబడిపోయింది. ఆ రోజు చాలా బాధేసింది.

నాకంటే ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఈసారి బిడ్డ నిలిస్తే కోటయ్య పేరు పెడతానని నాయనమ్మ కోటప్పకొండకు మొక్కుకుంది. శివరాత్రికి ఊరి ప్రభ వెంట నరసరావుపేట దగ్గరి ఆ కొండ దాకా నడిచి, ‘చేదుకో కోటయ్యా’ అంటూ కొండెక్కిందట. బావిలోంచి నీళ్లు చేదినట్టు పైకి లాక్కోమని అడగడం అది. ఆ మొక్కుతో నిలిచిన పేరు నాది.

తర్వాత ఒక మేనేజరు వచ్చారు. మొదటి రోజే ‘మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తారు?’ అని అడిగారు. కోటి అన్నాను. వారంలో ఫ్లోరంతా కోటి అన్నారు. పలకడానికి ఎవరికీ కష్టం కాలేదు. పేరు చిన్నది చేసుకోవడం తప్పు కాదు, ఇంట్లో చేసినట్టు చేసుకో. నిన్ను ఇంట్లో పెంచలా అంటారేమో, అదే చెప్పు. ‘పెన్’ వాళ్లకు వచ్చిన మాటే, ‘చల’ కలపమను. మూడుసార్లు తప్పు పలికితే నాలుగోసారి కూడా ఓపిగ్గా సరిచెయ్యి. మొహమాటపడకు.

మా నాయనమ్మను నేను ఏమీ అడగలేకపోయాను. ఇదంతా అమ్మ చెబితే తెలిసిందే. ఈ ఆదివారం మీ అవ్వకు ఫోన్ చెయ్యి. కోనకు ఎవరు మొక్కుకున్నారో, నిన్ను ఎవరు ఎత్తుకుని తీసుకెళ్లారో, పుట్టువెంట్రుకలు ఎవరి ఒళ్లో కూర్చోబెట్టి తీయించారో అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకో.