సముద్ర ప్రవాహాలు, వాతావరణ మోడళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్ చివరి ఏడాది చదువుతున్నా. సముద్ర ప్రవాహాల మోడలింగ్‌లో పరిశోధన చేయాలనుంది. మా జిల్లాకు సముద్రమే లేదు. ఓడ ఎక్కాల్సిందేనా? ఇప్పటినుంచే ఏం నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఓడ ఎక్కక్కర్లేదమ్మా. మోడల్ అంటే సముద్రపు కదలికలను సమీకరణాలతో లెక్కగట్టే ప్రోగ్రామ్. దాని మీద పనిచేసేవాళ్ల పనంతా కంప్యూటర్ మీదే. అలలు, ప్రవాహాల అంచనాలు ఇచ్చే ఇన్‌కాయిస్ మీకు దగ్గర్లోనే, హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉంది. ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిలో కొచ్చిన్ యూనివర్సిటీ (కుసాట్) చూడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ భూమి, సముద్రం, వాతావరణ శాస్త్రాలకు ఒక కేంద్రం ఉంది. ఫ్లూయిడ్ డైనమిక్స్, పాక్షిక అవకలన సమీకరణాలు గట్టిగా చదవండి. లినక్స్, పైథాన్ రావాలి. పెద్ద మోడళ్లు చాలావరకు ఫోర్ట్రాన్‌లోనే ఉన్నాయి కాబట్టి అదీ చదవగలగాలి.

ఈలోగా ఆర్గో డేటాతో మొదలుపెట్టండి, ఉచితంగా దొరుకుతుంది. ఆర్గో ఫ్లోట్ అంటే సముద్రంలో వదిలే కొలత పరికరం. అది 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణత కొలుస్తుంది. ఉత్తర బంగాళాఖాతంలోని ఒక ఫ్లోట్ ఫైలు తీసుకుని, నిలువున లోతు, అడ్డంగా లవణత పెట్టి గీయండి. ఉష్ణోగ్రతకు ఇంకో గ్రాఫ్. క్వాలిటీ ఫ్లాగ్ 1 (కొలత బాగుందని చెప్పే గుర్తు) ఉన్న విలువలే వాడండి. ఫ్లాగ్ చూడకపోతే సెన్సర్ పాడై ఇచ్చిన అంకెలు కూడా గ్రాఫులోకి వచ్చేస్తాయి.

అక్టోబరు తర్వాతి ప్రొఫైళ్లలో, అంటే లోతు వారీ కొలతల్లో, ఒక విషయం గమనించండి. నదుల నీరు చేరి పైపొర లవణత తగ్గి ఉంటుంది. దాని కింద ఉష్ణోగ్రత ఇంకా మారకముందే లవణత పెరిగిపోతుంది. ఆ మధ్య భాగమే బారియర్ లేయర్. కింది చల్లని నీటిని అది పైకి కలవనివ్వదు. మోడల్ నీటిని మరీ ఎక్కువగా కలిపేస్తే ఈ పొర చెరిగిపోతుంది, పై నీటి ఉష్ణోగ్రత అంచనా కూడా తప్పుతుంది. బంగాళాఖాతం మోడల్ ఏదైనా సరే, నేను ముందు చూసేది ఇక్కడే.

ప్రశ్న: మోడల్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, అంకెలకు బదులు 'నాన్' (NaN, అంటే 'అంకె కాదు') అని చూపిస్తోంది. టైమ్ స్టెప్ తగ్గిస్తే సరిపోతుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఒక్కోసారి సరిపోతుంది, కానీ జబ్బు అలాగే ఉండిపోవచ్చు. మోడల్ సముద్రాన్ని గడులుగా విడగొట్టి, కొద్దికొద్ది సమయం చొప్పున ముందుకు లెక్కిస్తుంది. ఆ వ్యవధే టైమ్ స్టెప్. 4000 మీటర్ల లోతు సముద్రంలో ఉపరితల తరంగం సెకనుకు దాదాపు 200 మీటర్లు పోతుంది, 10 కిలోమీటర్ల గడిని 50 సెకన్లలో దాటేస్తుంది. స్టెప్ అంతకంటే పెద్దదైతే లెక్క చెదిరిపోతుంది. అందుకే ఈ వేగపు తరంగాలను చిన్న స్టెప్పులతో విడిగా, పొడవు, వెడల్పు, లోతులతో కూడిన మిగతా లెక్కను పెద్ద స్టెప్పులతో చేస్తారు.

స్టెప్పు ముట్టుకునే ముందు లాగ్ ఫైలులో వేగం మితిమీరిన గడి ఎక్కడుందో వెతకండి. సాధారణంగా అది ఇరుకు జలసంధిలోనో, లోతు ఒక్కసారిగా మారే అంచులోనో ఉంటుంది. అక్కడి లోతుల ఫైలు సరిచేసి మళ్లీ నడపండి. గడిని సగం చేయాలనుకుంటే ఖర్చు ఎనిమిదింతలని మరవకండి: రెండు దిక్కుల్లో నాలుగింతల గడులు, స్టెప్పులు రెట్టింపు.

ప్రశ్న: సముద్రం వేడిని చూసి, మా మండలంలో పత్తి ఎప్పుడు వేయాలో చెప్పలేరా?
– రైతు, కల్వకుర్తి

జవాబు: చెప్పలేరు. దేశంలో రుతుపవనాల అంచనాకు వాడుతున్న మాన్సూన్ మిషన్ మోడల్ గడి దాదాపు 38 కిలోమీటర్లు, అందులో ఎన్నో మండలాలు పడతాయి. అది సీజన్ మొత్తం ఎటు మొగ్గుతుందో చెబుతుంది, తేదీ చెప్పదు. 2019లో హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి, సుమత్రా పక్కన చల్లబడింది. ఈ పరిస్థితి మన వానలకు మేలు చేస్తుంది. దేశం మొత్తం మీద సీజన్ వాన సగటులో 110 శాతం పడింది కూడా. అయినా ఆ ఏడాది జూన్‌లో 33 శాతం లోటు! సీజన్ అంచనా నమ్మి జూన్ తొలివానకే గింజ వేస్తే మొలక ఎండిపోయే ప్రమాదం అదే. 60–75 మిల్లీమీటర్లు పడి నేల బాగా తడిశాక, మేఘదూత్ యాప్‌లో జిల్లా అంచనా చూసి వేయండి.