అమ్మ ఆపరేషన్ గురించి పిన్ని రాసిన ఉత్తరం

నాన్నా,

మీ అమ్మ రిపోర్టులు చూశాను. క్యాన్సర్ గడ్డ మూత్రాశయం కండరంలోకి దిగిందని బయాప్సీలో ఉంది. "76 ఏళ్ల మనిషికి మూత్రాశయం తీసేసేంత పెద్ద ఆపరేషన్ ఎందుకు పిన్నీ" అన్నావు. యూరాలజీ వార్డులో నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది చెప్తాను. తుది మాట డాక్టరుదే.

ఈ క్యాన్సర్ మగవాళ్లకే మూడు నాలుగు రెట్లు ఎక్కువ వస్తుంది. అయినా మూత్రాశయం తీసేశాక ఆడవాళ్లే కాస్త తక్కువగా బతుకుతున్నారని చాలా అధ్యయనాల్లో తేలింది. అందుకు ఒక కారణం ఆలస్యం. మగాడికి మూత్రం ఎర్రగా వస్తే వెంటనే స్కానింగ్‌కి పంపుతారు. ఆడమనిషికైతే ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్, తగ్గకపోతే ఇంకోటి. మీ అమ్మకీ అదే జరిగింది కదా! ఇంకా మంచిరోజులు చూస్తూ కూర్చోకండి. కీమో లేకుండా నేరుగా ఆపరేషనే అంటే, జబ్బు తేలినప్పటి నుంచి మూడు నెలలు దాటనివ్వద్దు.

వయసంటావా, పెద్దవాళ్లకి ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలలు గండమే. న్యుమోనియా, గుండె, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, అన్నీ భయమే. కానీ ఆధార్ కార్డు చూసి తేల్చేది కాదిది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేస్తోందా? ఈమధ్య చిక్కిపోయిందా? కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత? ఆపరేషన్‌కి ముందు ఇచ్చే సిస్‌ప్లాటిన్ కీమో కిడ్నీలు బాగుంటేనే ఇస్తారు. రోజూ నడిపించు, గుడ్డూ పప్పూ పెట్టు. మంచం దిగనివ్వకుండా సేవ చేయడం మనవాళ్ల జబ్బు. ఆ అడ్డపొగ, అదే నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, మాత్రం ఇవాళే మాన్పించు. ఒంట్లో ఓపిక చాలదంటే, గడ్డ గీకేసి రేడియేషన్, కీమో ఇచ్చే దారి కుదురుతుందేమో అడుగు.

మూత్రాశయం తీశాక పేగు ముక్కతో మూత్రానికి దారి చేసి పొట్టమీద సంచి తగిలిస్తారు. ఆ చోటు ముందే పెన్నుతో గుర్తు పెడతారు. ఆ వేళ అమ్మని చీరలోనే ఉంచు, గౌను వద్దు. నిలబడి, కూర్చుని, వంగి చూడాలి. గుర్తు లంగా బొందు కిందో, పొట్ట మడతలోనో పడిందా, సంచి అంటుకోదు, చీరంతా తడే. నీ ముందు సిగ్గుపడుతుంది, కోడల్ని పక్కన ఉండమను. గర్భసంచి కూడా తీస్తారా అన్నది కోడలే అడగాలి. ముసలమ్మలకి ఎవరూ చెప్పరు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీలన్నీ పట్టుకెళ్లు. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోందని మొదటే చెప్పు.

పిన్ని