వంటల బీరువాలో వెతక్కండి

క్రితం సంచికలో ఎవరికో జవాబిస్తూ మాటవరసకి "ఈమధ్య తిండి జ్ఞాపకాల పుస్తకాలు చదువుతున్నాను, అన్నీ లైబ్రరీవే" అన్నాను. ఆ ఒక్క ముక్క మీద ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. అత్తాకోడళ్ళ ప్రశ్నలు, పిల్లల ర్యాంకుల ప్రశ్నలు ఈసారికి పక్కన పెట్టాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మీరు చెప్పారని లైబ్రరీకి వెళ్ళి వంటల పుస్తకాల బీరువా అంతా వెతికాను. పచ్చళ్ళు, మైక్రోవేవ్ వంటలు, షుగరు ఉన్నవాళ్ళ వంటలు తప్ప మీరన్నలాంటివి కనబడలేదు. అసలు వంటల పుస్తకానికీ దీనికీ తేడా ఏమిటి? ఎక్కడ వెతకాలి?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: మీ తప్పేం లేదు తల్లీ, బీరువాయే వేరు. లైబ్రరీల్లో పుస్తకాలకి అంకెలు వేసి సర్దుతారు కదా, డ్యూయీ అనే అమెరికా ఆయన 1876లో పెట్టిన పద్ధతి. ఆ లెక్కలో వంటలు 641.5 దగ్గర, జీవిత చరిత్రలు 920 దగ్గర. మనం వెతికే పుస్తకం ఇటు వంటా, అటు ఒక మనిషి బతుకూ, రెండూను. అంకె వేసినవాళ్ళకి ఆరోజు ఎలా తోస్తే అక్కడ కూర్చుంటుంది. నాకు ఎక్కువగా ఆత్మకథల వరసలోనే దొరికాయి. ఒకటైతే యాత్రల పుస్తకాల మధ్య దొరికింది. అక్కడికి ఎలా వెళ్ళిందో ఆ పుస్తకానికే తెలియాలి. అందుకని అంకెలతో కుస్తీ పట్టకుండా కౌంటర్లో అడిగెయ్యండి. మనకి అడగడానికి మొహమాటం, వాళ్ళు విసుక్కుంటారేమోనని టెన్షన్. పాఠకుల టైము వృథా కానివ్వకూడదన్నది మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో లైబ్రరీలకి రాసిపెట్టిన ఐదు సూత్రాల్లో నాలుగోది, కాబట్టి ధైర్యంగా అడగండి.

ఇక తేడా అంటారా. వంటల పుస్తకం "కంద పావుకిలో" అని ఊరుకుంటుంది. ఈ పుస్తకంలో ఆ కంద ఎవరు తరిగారో, చేతులు దురద పెడితే చింతపండు రాసుకుంటూ ఎవరిని తిట్టుకున్నారో, ముందు ఎవరికి వడ్డించారో, ఆఖర్న గిన్నె అడుగున అంటుకున్నది ఎవరి వాటాకి వచ్చిందో ఉంటుంది. వంట ఎలా చెయ్యాలో ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

మొదటిసారి చదివేవాళ్ళకి నేను మధుర్ జాఫ్రీ పుస్తకం చెబుతాను. 1933లో ఢిల్లీలో పెద్ద ఉమ్మడి కుటుంబంలో పుట్టినావిడ. చిన్నతనం గురించి రాసుకున్న పుస్తకం పేరు 'క్లైంబింగ్ ది మ్యాంగో ట్రీస్', 2005లో వచ్చింది. పుట్టగానే నాయనమ్మ తేనెతో నాలుక మీద ఓం అని రాసిందట, అక్కణ్ణించి మొదలు. పిల్లలంతా మామిడిచెట్లెక్కి కొమ్మల మీద కూర్చుని, పచ్చికాయ ముక్కల్ని ఉప్పూ కారం, వేయించిన జీలకర్ర పొడిలో అద్దుకుని తింటుంటారు. అది చదువుతుంటే ఢిల్లీ ఏమిటి విజయనగరం ఏమిటి అనిపించి, పుస్తకం బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళి మాగాయ టెంక ఒకటి చప్పరించి వచ్చాను. ఇంతా చేసి ఆవిడకి అప్పటికి వంటే రాదు! నటన నేర్చుకోడానికి లండన్ వెళ్ళాక అక్కడి తిండి సహించక అమ్మకి ఉత్తరం రాస్తే, అమ్మ ఒక్కో వంటా ఉత్తరంలో రాసి విమానం పోస్టులో పంపించేది. అలా నేర్చుకున్న మనిషి తర్వాత ప్రపంచానికి మన దేశం వంటలు నేర్పింది. ఇంగ్లీషు మరీ కష్టంగా ఉండదు, డిగ్రీ చదివిన పిల్లలెవరైనా పక్కన ఉంటే ఇంకా మంచిది.

రెండోది జూలియా చైల్డ్ అనే అమెరికా వంటల రచయిత్రిది, 'మై లైఫ్ ఇన్ ఫ్రాన్స్'. 36 ఏళ్ళప్పుడు, 1948 నవంబరులో, భర్త ఉద్యోగం కోసం ఫ్రాన్సులో ఓడ దిగి, దారిలో రువాన్ అనే ఊళ్ళో భోజనానికి ఆగి, వెన్నలో వేయించిన చేప తింది. అంతే, ఆ ఒక్క పూట తిండితో బతుకే మారిపోయింది. నేను చేప ముట్టను. అయినా ఆ పేజీలు రెండుసార్లు చదివాను.

తెలుగులో దీనికంటూ ప్రత్యేకం వరస కనబడదు గానీ, మనవాళ్ళు తిండి సంగతి రాయలేదని కాదు, ఆత్మకథల్లో కలిపేశారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' తీసుకుని ఆ కాలపు ఇళ్ళూ భోజనాలూ ఎక్కడెక్కడ వచ్చాయో పెన్సిల్ పట్టుకుని... వద్దు, లైబ్రరీ పుస్తకంలో పెన్సిల్ వద్దు, కాగితం మీద పేజీ నంబర్లు రాసుకుంటూ చదవండి.

ప్రశ్న: మేడమ్, మీరు చెప్పే పుస్తకాలు కొనాలంటే ఒక్కోటి నా వారం ఖర్చు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో పేపర్లు, పోటీ పరీక్షల పుస్తకాలే ఉంటాయి. ఏం చెయ్యమంటారు?
– నిరుద్యోగి, చీపురుపల్లి

జవాబు: కొనకు బాబూ. ఉద్యోగం వచ్చాక కొందువు గాని, అప్పుడూ ముందు తెచ్చుకుని చదివి, నచ్చితేనే కొను. నేను కొన్నవాటిలో సగం ఇంకా చదవలేదు, ఎప్పుడైనా చదవొచ్చులే అని. లైబ్రరీది అలా కాదు, మీద తేదీ ముద్ర ఉంటుంది. అది దగ్గర పడుతుంటే రాత్రి పదకొండింటికైనా లైటు వేసుకుని పూర్తి చేస్తాం.

మీ శాఖలో లేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో మెంబర్ అవ్వు. ఆధార్ కాపీ అడుగుతారు, కొంత డిపాజిట్ కట్టించుకుంటారు, మెంబర్‌షిప్ వదిలేసేటప్పుడు అది తిరిగిచ్చేస్తారు. నువ్వు విజయనగరం ఎలాగూ కోచింగ్ పనుల మీద వస్తూనే ఉంటావు కదా. అక్కడా లేకపోతే పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు, పబ్లిషరు పేరు స్పష్టంగా రాసి సూచనల పుస్తకంలో పెట్టు. "మంచి పుస్తకాలు తెప్పించండి" అని రాస్తే ఎవరూ ఏమీ తెప్పించలేరు.

ఇంకొకటి, ఇదేదో దానం అడుగుతున్నట్టు అనుకోకు. మీ నాన్న కట్టే ఇంటి పన్ను రసీదు తీసి చూడు. అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది, పన్ను రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం ప్రకారం అది లైబ్రరీల కోసమే వసూలు చేస్తారు. ఆ డబ్బు సగం చోట్ల సరిగ్గా చేరదని పేపర్లో చదువుతూనే ఉంటాం, అది వేరే గొడవ.

ప్రశ్న: లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం మీద కూర ఒలికింది. భయమేసి నెల రోజులుగా తిరిగివ్వలేదు. చెప్పకుండా రిటర్న్ బాక్సులో పడేసి వచ్చెయ్యనా?
– పేరు వద్దు, బొబ్బిలి

జవాబు: వద్దమ్మా. నేను చేసిన వెధవ పని చెబుతాను విను.

చాలా ఏళ్ళ క్రితం, ఊరి పేరు ఎందుకులే, ఒక లైబ్రరీ నుంచి ఇలాంటిదే ఒక పుస్తకం తెచ్చుకున్నాను. మంచి పట్టులో ఉంది, వదల్లేక వంటింట్లో ఆవాల డబ్బాకి ఆనించి నిలబెట్టి, ఒక చేత్తో పేజీ పట్టుకుని ఇంకో చేత్తో గుమ్మడికాయ దప్పళం కలుపుతున్నాను. గరిటె పైకి తీశాను, రూపాయి బిళ్ళంత చుక్క పడింది. తుడిస్తే పోయేదేమో, నేను సబ్బు రాసిన గుడ్డతో రుద్దాను. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఇన్నేళ్ళు వంట చేసినదాన్ని, చీర మీద వందసార్లు చూసినదాన్ని, ఆ క్షణాన గుర్తురాలేదు. రూపాయి బిళ్ళ కాస్తా కుంకుమ బొట్టయింది. దాని మీద పౌడరు చల్లాను. అది నూనె కొంచెం పీల్చింది గానీ రంగు పోలేదు.

కౌంటర్లో ఉండే పెద్దాయన లేని రోజు చూసి ఇచ్చేద్దామని రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చేశాను. మూడోసారి వెళ్తే ఆయనే ఉన్నాడు. పుస్తకం చేతిలోకి తీసుకుని ఊరికే అలా వదిలాడంతే, సరిగ్గా ఆ పేజీ దగ్గరే తెరుచుకుంది, నేను అంతసేపు అక్కడే విప్పి నిలబెట్టాను కదా మరి. కళ్ళజోడు పైకి తోసి, పేజీ ముక్కు దగ్గర పెట్టుకుని, "దప్పళమా అమ్మా?" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన ఇంకేమీ అనకుండా వెనక అట్ట లోపల పెన్సిల్‌తో "112వ పేజీ, మరక" అని రాసి తేదీ వేశాడు. ఎందుకండీ అంటే, "తర్వాత తీసుకెళ్ళినవాళ్ళ మీద పడకుండా" అన్నాడు. అంతవరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. నువ్వు చెప్పకుండా బాక్సులో పడేస్తే ఆ నింద ఇంకో పిల్ల మీద పడుతుంది.

రేపే వెళ్ళి ముందు నువ్వే చెప్పు. ఆలస్యానికి ఫైను కొద్దిగా పడుతుంది, కట్టెయ్. పేజీ బాగా పాడైతే ఇంకో కాపీ కొనివ్వమనో, ధర కట్టమనో అంటారు, అంతకంటే ఏమీ చెయ్యరు. పసుపు ఒక్కటే అయితే ఆ పేజీ విప్పి కాసేపు ఎండలో పెట్టి చూడు, ఎండకి పసుపు రంగు వెలుస్తుంది. సెల్లోటేపు మాత్రం ఎక్కడా అంటించకు, కొన్నాళ్ళకి మరక కంటే అదే అసహ్యంగా తయారవుతుంది.

ప్రశ్న: ఇవన్నీ కడుపు నిండినవాళ్ళ కబుర్లు కావా? మేము చోడి (రాగి) అంబలి తాగి, గంటి (సజ్జ) రొట్టె తిని పెరిగాం. మా జ్ఞాపకాల్లో రుచులు తక్కువ, ఆకలి ఎక్కువ. ఇలాంటి పుస్తకాలు మాకెందుకు?
– రిటైర్డ్ టీచర్, గజపతినగరం

జవాబు: మాస్టారూ, మీరన్నదాంట్లో నిజం చాలా ఉంది, నేనూ కొన్ని పుస్తకాలు ఆ చిరాకుతోనే సగంలో మూసేశాను. ఏ దేశంలో ఏ హోటల్లో ఏం తిన్నారో పేజీలకు పేజీలు చెబుతారు, గిన్నెలు కడిగిన మనిషి పేరు ఒక్కచోట ఉండదు. కానీ అన్నీ అలా ఉండవు. ఎం.ఎఫ్.కె. ఫిషర్ అనే ఆవిడ 1942లో, యుద్ధం రోజుల్లో సరుకులకి కటకటగా ఉన్నప్పుడు, 'హౌ టు కుక్ ఎ వుల్ఫ్' అని రాసింది. వాళ్ళ భాషలో ఆకలిని గుమ్మం ముందు కాచుకుని కూర్చున్న తోడేలంటారు. ఆ తోడేలునే వండుకు తినడం ఎలాగ అని పేరు పెట్టింది. ఉన్న గుడ్డునీ, ఉన్న రొట్టెనీ, ఆఖరికి పొయ్యిలో మంటనీ ఎలా పొదుపుగా వాడుకోవాలో నవ్విస్తూ చెబుతుంది.

అయినా మీరు అడిగింది పుస్తకం గురించి కాదని నాకు తెలుసు. చోడి అంబలి మీద పుస్తకం ఎందుకు లేదని. మీరు నాకు రాసిన ఉత్తరం మూడు పేజీలుంది, స్థలం లేక నాలుగు లైన్లే వేశాం. మీ అమ్మగారు అంబలి కుండ మీద మూతకి రాయి పెట్టడం, ఆ రాయి తీసిన చప్పుడికే మీరు నిద్ర లేవడం రాశారే, ఇలాంటిది నేను తెచ్చుకున్న ఏ పుస్తకంలోనూ లేదు. మిగతాది కూడా రాసి పంపండి, ఎన్ని పేజీలైనా సరే, ఎడిటర్ గారితో నేను మాట్లాడతాను.

ప్రశ్న: మా అమ్మకి 78 ఏళ్ళు. అమ్మ వంటలు రాసి పెట్టుకోవాలని కూర్చుంటే "కొలతలేటి, చేతికొచ్చినంత వెయ్యడమే" అంటుంది. ఎలా రాయాలి?
– ఒక కొడుకు, టెక్కలి

జవాబు: కొలత అడిగితే అంతే బాబూ, ఏ తల్లీ చెప్పదు. మా అత్తగారిని బెల్లం ఆవకాయలో బెల్లం ఎంత అని పదేళ్ళు అడిగాను, పదేళ్ళూ "చాలినంత" అంది. ఆ తర్వాత ఒక మే నెలలో అడగడం మానేసి ఊరికే పక్కన కూర్చున్నాను. ఆవిడ జాడీలోంచి ముక్క తీసి పళ్ళెంలో వేసి, పళ్ళెం వాల్చి, పాకం ఎంతసేపటికి కిందికి జారుతుందో చూస్తోంది. తొందరగా జారితే ఇంకో పూట ఎండ. ఆవిడ కొలత అది. నేనేమో గ్లాసులు, గ్రాములు అడుగుతున్నాను.

కాబట్టి వంట అడక్కు, గిన్నె అడుగు. తరవాణి కుండ ఎక్కడ కొన్నారు, అది పగిలిన రోజు ఎవరేమన్నారు, పెళ్ళయి వచ్చిన కొత్తలో ఏ వంట చెడింది, ఎవరు నవ్వారు. ఫోన్‌లో రికార్డు పెట్టి అవతల పడెయ్, రాసుకుంటూ కూర్చుంటే వాళ్ళు జాగ్రత్తగా మాట్లాడటం మొదలెడతారు. తర్వాత తీరిగ్గా ఎక్కించుకునేటప్పుడు అమ్మ మాటని మార్చకు. ఆవిడ చోళ్ళు అంటే చోళ్ళనే రాయి, రాగులు అని దిద్దకు, గంటెలు అంటే సజ్జలు అని దిద్దకు. జనం మాట్లాడే మాటలోనే రాయాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మీ జిల్లాలోనే, పర్వతాలపేటలో. ఆ ఊరికి అంత దగ్గర్లో ఉండి "ఏటి"ని "ఏమిటి" అని దిద్దితే ఎలా!

ఒక నోటు బుక్కు నిండాక రెండు జిరాక్సులు తీయించు, ఒకటి మీ చెల్లెలికి. రెండోది స్పైరల్ బైండింగ్ చేయించి మీ లైబ్రరీకి ఇస్తానని అడుగు, తీసుకుంటే తీసుకుంటారు. ఏ అంకె వేస్తారో మాత్రం నాకు ఉత్తరం రాయి.