సంప్రదాయవాదం గురించి రాసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

సంప్రదాయవాద (కన్సర్వేటివ్) రాజకీయ చింతన మీద నువ్వు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. భాష మీద నీకు పట్టు ఉంది, నువ్వు పడిన శ్రమ కూడా కనిపిస్తోంది. అయితే మొదటి పేరాలోనే సంప్రదాయవాదం మార్పును అడ్డుకునే భావజాలమని తీర్పు చెప్పేసి, మిగిలిన వ్యాసమంతా ఆ తీర్పుకు సాక్ష్యాలు వెతకడంలోనే గడిపావు. రెండు శతాబ్దాలకు పైగా ఎందరో ఆలోచనాపరులను ఆకట్టుకున్న చింతన ఏదో ఒక నిజమైన ప్రశ్నకు జవాబు చెబుతూ ఉండి తీరాలి. రచయిత ముందుగా ఆ ప్రశ్నను పట్టుకోవాలి. నాకు అర్థమైనంతవరకు ఆ ప్రశ్న ఇది: ఒక తరం మనుషులు తమ బుద్ధిని మాత్రమే నమ్ముకొని, అనేక తరాలు ఏర్పరచుకుంటూ వచ్చిన సమాజాన్ని పునాదులతో సహా తొలగించి, మళ్లీ మేలైన రీతిలో నిర్మించగలరా?

1789 నాటి ఫ్రెంచి విప్లవం ఈ ప్రశ్నకు పదును పెట్టింది. డబ్లిన్‌లో పుట్టి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడైన ఎడ్మండ్ బర్క్ ఆ విప్లవాన్ని విమర్శిస్తూ 1790 నవంబరులో ప్రచురించిన గ్రంథం ఈ చింతనకు మూలగ్రంథంగా నిలిచింది. అది కూడా ఒక ఫ్రెంచి యువకుడికి రాసిన ఉత్తరం రూపంలోనే ఉంటుంది. అప్పటికి రాజు తల తెగలేదు, విప్లవకారులు వేలాదిమందిని గిలటిన్‌కు పంపిన భీకర పాలన మొదలుకాలేదు. అయినా పాత బంధాలన్నీ తెంచుకున్న రాజ్యంలో చివరికి సైన్యాన్ని ఆకట్టుకోగల సేనాని ఎవరో ఒకరు అందరికీ యజమాని అవుతాడని బర్క్ ముందే రాశాడు. నెపోలియన్ 1799లో అధికారం చేజిక్కించుకునే నాటికి బర్క్ చనిపోయి రెండేళ్లయింది.

నీ వ్యాసంలో బర్క్ రాజరికానికి వకాల్తా పుచ్చుకున్న మనిషిగా మాత్రమే కనిపిస్తాడు. అమెరికా వలసవాసులతో రాజీపడాలని 1775లో పార్లమెంటులో వాదించినవాడూ, ఈస్టిండియా కంపెనీ అధికార దుర్వినియోగం మీద బెంగాల్ మాజీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ను అభిశంసన విచారణకు నిలబెట్టినవాడూ ఆ బర్క్ అన్న సంగతి వదిలేశావు. 1788లో మొదలైన ఆ విచారణ 1795లో హేస్టింగ్స్ నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది, కాని బర్క్ పట్టుదల మాత్రం సడలలేదు. రాజుదైనా, కంపెనీదైనా, వీధుల్లో చేరిన జనసమూహానిదైనా, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని అధికారం ప్రమాదకరమని అతను నమ్మాడు. మార్చుకునే మార్గం లేని రాజ్యానికి తనను తాను కాపాడుకునే మార్గం కూడా లేదని ఆ గ్రంథంలోనే అంటాడు. ఆ ఒక్క వాక్యం చాలు, నీ మొదటి పేరా తిరగరాయవలసి వస్తుంది.

మూల భావాలను రాసేటప్పుడు వాటిని విడివిడిగా పేర్చకు, ఒకదాని నుంచి మరొకటి ఎలా పుడుతుందో చూపించు. మనిషి అసంపూర్ణుడు, అతని తెలివికి హద్దులున్నాయి అన్నది మొదటి మాట. కాబట్టి ఏ ఒక్కరి సిద్ధాంతంలోనూ ఇమడని జ్ఞానం ఆచారాల్లో, చట్టాల్లో, సంస్థల్లో పేరుకొని ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త మైకేల్ ఓక్‌షాట్ దీన్ని వంటతో పోల్చాడు: వంటల పుస్తకం చదివినంత మాత్రాన వంట రాదు, అసలు ఆ పుస్తకం పుట్టిందే అప్పటికే వండడం తెలిసినవాళ్ల అనుభవం నుంచి. ఆ జ్ఞానాన్ని మోసుకొచ్చేవి కుటుంబం, ప్రార్థనా మందిరం, వృత్తి సంఘం, స్థానిక సమాజం వంటి చిన్న కూటములు గనుక, వ్యక్తికీ రాజ్యానికీ మధ్య అవి బలంగా నిలవాలని ఈ చింతన కోరుతుంది. సమాజం అనేది బతికున్నవాళ్ల మధ్యనే కాక, గతించినవాళ్లకూ పుట్టబోయేవాళ్లకూ మధ్య కూడా సాగే భాగస్వామ్యమని బర్క్ అన్నది ఈ అర్థంలోనే. ఈ భావన నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది, ఎందుకంటే అది వర్తమానానికి హక్కులతో పాటు అప్పులు కూడా ఉన్నాయని గుర్తుచేస్తుంది.

ఇక ఈ చింతనలోని వేర్వేరు పాయల సంగతి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం నీ వ్యాసంలోని పెద్ద లోపం. ఫ్రాన్సు, ఇటలీ సరిహద్దు ప్రాంతమైన సవాయ్‌కి చెందిన రచయిత జోసెఫ్ ద మేస్త్ర్ సింహాసనాన్నీ చర్చినీ దైవసంకల్పంగా చూశాడు. అతనికి బర్క్ తరహా సర్దుబాటు చాలదు. బ్రిటన్‌లో ప్రధాని రాబర్ట్ పీల్ 1834లో తన నియోజకవర్గమైన టామ్‌వర్త్ ఓటర్లకు విడుదల చేసిన ప్రకటనలో 1832 నాటి ఓటుహక్కు సంస్కరణను వెనక్కి తిప్పబోనని మాట ఇచ్చాడు. తరువాత అక్కడే ప్రధాని అయిన డిజ్రేలీ ధనికులూ పేదలూ రెండు వేర్వేరు జాతులుగా బతుకుతున్నారని 1845లో నవల ద్వారా హెచ్చరించాడు. జర్మనీలో ఛాన్సలర్ బిస్మార్క్ 1883లో ఆరోగ్య బీమాతో మొదలుపెట్టి 1889లో వృద్ధాప్య పింఛను వరకు వెళ్లాడు. సోషలిస్టుల బలం తగ్గించాలన్న లెక్క అందులో ఉన్నమాట నిజమే, అయినా పాలకుడికి బలహీనుల పట్ల బాధ్యత ఉందన్న పాత భావన కూడా అక్కడ పనిచేసింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ చింతనలోకి స్వేచ్ఛా విపణి (మార్కెట్) వాదం ప్రవేశించింది. 1979లో బ్రిటన్‌లో థాచర్, 1980లో అమెరికాలో రీగన్ గెలిచిన నాటికి చాలామందికి సంప్రదాయవాదమంటే తక్కువ పన్నులు, చిన్న ప్రభుత్వం అన్న అర్థమే మిగిలింది. ఇక్కడ నువ్వు ఆగి ఆలోచించాలి. విపణి వాదులు గురువుగా భావించే ఆర్థికవేత్త హాయెక్ తాను సంప్రదాయవాదిని ఎందుకు కాదో వివరిస్తూ 1960లో ఒక వ్యాసమే ప్రచురించాడు. లాభం కోసం ఊళ్లనూ వృత్తులనూ కుటుంబాల స్థిరత్వాన్నీ ఏకకాలంలో కదిలించగల శక్తి విపణికి ఉన్నప్పుడు, స్థిరత్వాన్ని కోరేవారు దాన్ని ఎంతవరకు సమర్థించగలరు? కమ్యూనిజం అనే ఉమ్మడి ప్రత్యర్థి ఉన్నంతకాలం ఈ చిక్కు కప్పబడి ఉంది, ఆ ప్రత్యర్థి తొలగిపోయాక బయటపడింది. నేటి సంప్రదాయవాదుల కలహాల్లో చాలావాటికి మూలం ఇదే అని నా అభిప్రాయం. నీ వ్యాసానికి ఇది గుండెకాయ కావాలి, నువ్వు దీనికి రెండు వాక్యాలే ఇచ్చావు.

ఫాసిజాన్ని కూడా ఇదే చింతనలో ఒక మెట్టుగా చూపడం సరికాదు. కొత్త మనిషిని తయారుచేస్తానన్నది ఫాసిజం. సంప్రదాయవాదం అనుమానించేది సరిగ్గా ఆ కోరికనే. అయితే 1933 జనవరిలో హిట్లర్‌ను ఛాన్సలర్ పదవిలో కూర్చోబెట్టడానికి మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్ వంటి జర్మన్ సంప్రదాయవాదులు, అతన్ని అదుపులో ఉంచగలమనుకొని, సహకరించారన్న వాస్తవాన్ని దాచకు.

ఒక చిన్న హెచ్చరిక: మంచివాళ్లు చేతులు కట్టుకొని కూర్చుంటే చాలు, చెడు గెలుస్తుందన్న మాటను బర్క్ పేరుతో నీ వ్యాసం చివర ఉంచావు. అది అతని రచనల్లో ఎక్కడా దొరకలేదు, తీసెయ్యి.

చివరగా, ఈ చింతనను సానుభూతితో వివరించిన తరువాత, దానికి ఎదురైన అత్యంత కఠినమైన ప్రశ్నను కూడా పాఠకుడి ముందు పెట్టు. చాలాకాలం నిలిచినదంతా పరీక్షకు నిలిచినదేనా, లేక బలవంతులు నిలబెట్టిన అన్యాయం కూడా అంతే దీర్ఘకాలం నిలుస్తుందా? బానిసత్వానికి వేల ఏళ్ల చరిత్ర ఉంది. బర్క్ గ్రంథం వెలువడిన కొద్ది వారాలకే, 1790లోనే, ఆంగ్ల రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈ దిశగానే అతన్ని నిలదీసింది. మరుసటి ఏడాది విప్లవ సమర్థకుడైన రచయిత థామస్ పెయిన్ గతించిన తరాలకు బతికున్న తరాన్ని కట్టిపడేసే హక్కు లేదన్నాడు. వ్యాసాన్ని తిరగరాసే ముందు బర్క్‌ను చదివి, వెంటనే వీరిద్దరినీ చదువు. బర్క్ పక్షాన నిలబడి వీరికి ఏమి జవాబు చెప్పవచ్చో ఒక పేజీ, వీరి పక్షాన బర్క్‌కు మరో పేజీ రాసి పెట్టుకో, ఆ తరువాతే నీ మొదటి పేరా మొదలుపెట్టు.

శుభాకాంక్షలతో.